బుర్రకథకుడి గొంతు రికార్డుకెక్కాలంటే...

బుర్రకథను రికార్డు చేయడం సినిమా పాటను రికార్డు చేసినంత తేలిక కాదు. స్టూడియోలో గాయకుడు మైకు ముందు కదలకుండా నిలబడతాడు. కథకుడు అలా నిలబడితే అది బుర్రకథే కాదు. భుజాన తంబురా, చేతిలో అందెలు, ముందుకు నాలుగడుగులు, వెనక్కు నాలుగడుగులు. యుద్ధఘట్టంలో కేక, శోకఘట్టంలో సన్నని రాగం. పక్కన వంతల గుమ్మెటలు సరేసరి.

1986లో షేక్ నాజర్‌కు పద్మశ్రీ తెచ్చిపెట్టిన ఈ కళను ఇప్పుడు పల్లె కుర్రాళ్లు సెల్‌ఫోన్లలో పట్టి ఉంచుతున్నారు. మంచిదే. కాని విని చూస్తే కేక వేసినచోట శబ్దం పగిలి బరబరమంటుంది, మెల్లగా పాడినచోట మాట తెలియదు. ఫోను తనంతట తానే శబ్దాన్ని హెచ్చించి తగ్గిస్తుంది కనుక, కథకుడు ఊపిరి తీసుకున్నప్పుడల్లా జనం దగ్గులు, జనరేటరు మోత పైకి లేస్తాయి. దళాలు తగ్గిపోయి, ఉన్న కథకులు ముసలివారైన ఈ రోజుల్లో ఒక రాత్రి కథ పాడైతే మళ్లీ పాడించుకోవడం అయ్యే పని కాదు.

అసలు కిటుకు దూరంలో ఉంది. ఆరుబయట గొంతుకూ మైకుకూ మధ్య దూరం రెట్టింపయితే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. అందుచేత స్టాండు మైకు కన్నా చొక్కాకు తగిలించే చిన్న మైకు మేలు. గడ్డానికి జానెడు కింద, తంబురా తగలని వైపున పెడితే కథకుడు ఎటు నడిచినా దూరం మారదు. వంతలకు వేరే మైకు ఉండాలి.

‘హలో, హలో’ అనిపించి సరిపెట్టుకోవడం మనవాళ్ల అలవాటు. అది చాలదు. కథకుని చేత యుద్ధఘట్టంలోని గట్టి కేకే వేయించి, ఆ కేకకు మీటరు మైనస్ 10 దగ్గర ఆగేలా చూసుకోవాలి. పాత టేపు కాస్త హెచ్చు శబ్దాన్ని ఓర్చుకునేది. డిజిటల్ యంత్రం సున్నా దాటితే ఓర్చుకోదు.

మిగిలిన హెచ్చుతగ్గులను తర్వాత కంప్యూటరు మీద ఘట్టాల వారీగా చేత్తో సరిచేయవచ్చు. ఆపైన కంప్రెసర్ అనే సాధనం ఉంది. అందులో శబ్దానికి ఒక గీత గీస్తారు. 3కు 1 అని పెడితే, గీతను 6 డెసిబెల్స్ దాటిన కేక 2 దగ్గరే ఆగుతుంది. మరీ బిగిస్తే వీరమూ శోకమూ ఒకే మట్టానికి వచ్చి కథ చప్పబడుతుంది.

గుమ్మెట మోత కథకుని మైకులో దూరితే ఇవేవీ సాగవు. గొంతు పెంచితే అదీ పెరుగుతుంది. వంతలు రెండడుగులు ఎడంగా నిలబడితే చాలావరకు తప్పుతుంది. ఈ సంగతి కథ మొదలు కాకముందే దళంతో మాట్లాడుకోవాలి.