చివరి మైలు రైలు: ఆ పట్టాలు మార్చే డబ్బు ఎక్కడిది?

అమెరికా గూడ్సు రైలు అంటే మనకి రీల్స్‌లో కనిపించేది కిలోమీటర్ల పొడవుండే బండి. అది పెద్ద కంపెనీలది, అలాంటివి అక్కడ ఆరే. ఈరోజు మాట్లాడేది వాటి గురించి కాదు. ఊరి చివర ధాన్యం గోదాముకి వెళ్లి, నాలుగు వ్యాగన్లు తగిలించుకుని, పెద్ద లైను దాకా లాక్కొచ్చే చిన్న కంపెనీల గురించి. వీటిని షార్ట్ లైన్లు అంటారు. దాదాపు 600 ఉన్నాయి. అన్నీ కలిపితే సుమారు 50 వేల మైళ్లు!

1980లో స్టాగర్స్ యాక్ట్ వచ్చింది. దాంతో లాభంలేని బ్రాంచి లైన్లు వదిలించుకోవడం పెద్ద కంపెనీలకి తేలికైంది. కొన్ని పీకేశారు, కొన్ని చిన్న కంపెనీలు కొనుక్కున్నాయి. తిరకాసు ఇక్కడే ఉంది. అమ్మే ముందు ఏళ్ల తరబడి చాలా లైన్లకి సరైన రిపేర్లే లేవు. వదిలించుకుందామనుకున్న బండికి ఎవరైనా కొత్త టైర్లు వేయిస్తారా చెప్పండి?

తర్వాత బరువు పెరిగింది. ఒకప్పుడు వ్యాగన్ లోడుతో కలిపి 2,63,000 పౌండ్లు ఉండేది. 1990ల నుంచి 2,86,000 మామూలైపోయింది, అంటే దాదాపు 130 టన్నులు. అదే వ్యాగన్ చిన్న లైను మీదికీ రావాలి కదా. అక్కడేమో చాలాచోట్ల పాత పట్టా, గజానికి 90 పౌండ్లు, ఒక్కోచోట ఇంకా తక్కువ. మన లెక్కలో మీటరుకి 45 కిలోలనుకోండి. ఇక్కడ మన మెయిన్ లైన్లలో వేసేది 60 కిలోలది.

ట్రాక్ బాగా పాడైతే స్పీడు గంటకి 10 మైళ్లకి దించేస్తారు. సైకిల్ మీద వెళ్లినా దాదాపు అంతే. వంతెన మోయలేకపోతే వ్యాగన్లు సగం ఖాళీగానే నడపాలి. అప్పుడు గోదాము వాళ్లు లారీ పిలుస్తారు. ఒక వ్యాగన్ సరుక్కి మూడు నాలుగు లారీలు కావాలి, ఆ లోడంతా ఊరి రోడ్డు మీద పడుతుంది. రైలుకి ఆదాయం తగ్గింది, రిపేరుకి డబ్బు ఇంకా తగ్గింది.

ఖర్చు ఎందుకంత? మైలుకి మూడు వేలకు పైగా స్లీపర్లు. 115 పౌండ్ల పట్టా వేస్తే రెండు వైపులా కలిపి 180 టన్నులకు పైగా స్టీలు. కంకర, వంతెనలు వేరే.

ప్రభుత్వం ఏం చేస్తోందంటే, 45జి అని ఒక ట్యాక్స్ క్రెడిట్ ఉంది. 2005 నుంచి అమల్లో ఉంది, 2020 చివర్లో శాశ్వతం చేశారు. ట్రాక్ మీద పెట్టిన ఖర్చులో 40 శాతం పన్నులో తగ్గుతుంది, 2023కి ముందు 50 శాతం ఉండేది. కానీ మైలుకి 3,500 డాలర్లే లిమిట్. 50 మైళ్ల కంపెనీకి ఏడాదికి మహా అయితే 1,75,000 డాలర్లు. దాంతో స్లీపర్లు కొన్ని మార్చుకోవచ్చు, వంతెన మాత్రం కట్టలేం. శాశ్వతం చేసినప్పుడు కూడా ఆ 3,500 ముట్టుకోలేదు, స్టీలు రేటేమో 2005 దగ్గరే ఆగిపోలేదు. నాకైతే అసలు లోపం అదే అనిపిస్తుంది.

పెద్ద పనులకి క్రిసీ అనే గ్రాంటు ఉంది. 2021 చట్టంలో దానికి ఐదేళ్లకి 5 బిలియన్ డాలర్లు పెట్టారు. అయితే పోటీలో గెలవాలి, కనీసం 20 శాతం సొంతంగా తేవాలి. నలుగురైదుగురు స్టాఫ్ ఉన్న కంపెనీలో ఆ అప్లికేషన్ రాసేదెవరు, బండి నడిపేదెవరు?