చిప్పు సిద్ధమే, దారే ఇరుకు

పది పన్నెండేళ్ల కిందట పలాసలోనో, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో ఏ సెల్ షాపుకెళ్లినా పాటలు ఎక్కించే కుర్రాడికి ఊపిరాడేది కాదు. మెమరీ కార్డు రీడర్లో గుచ్చి కాపీ కొట్టాక, తెరమీద గీత నిండేదాకా నిలబడాల్సిందే. అదే కార్డులోంచి పాట వినాలంటే మాత్రం నొక్కిన వెంటనే మోగేది. చదవడానికి లేని ఆలస్యం రాయడానికెందుకు?

ఆ కార్డులో ఉండే ఫ్లాష్ మెమరీ పుట్టుకలోనే ఉంది ఆ తేడా. తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా 1984లో మొదటి రకాన్ని, 1987లో ఇప్పుడు మన ఫోన్లలో ఉన్న నాండ్ రకాన్ని లోకానికి చూపించాడు. కరెంటు పోయినా రాసింది చెరగదు, అదే దాని గొప్ప. కానీ చదవడం కంటే రాయడానికి పది రెట్లు ఎక్కువ సమయం పట్టొచ్చు. పైగా రాసినచోటే మళ్లీ రాయడం కుదరదు. బ్లాకు మొత్తం చెరిపాకే అక్కడ చోటు దొరుకుతుంది.

ఒక్కో రాతను తొందరపెట్టలేనప్పుడు చాలా రాతలు ఒకేసారి సాగించాలి. హార్డ్ డిస్కుకి బదులుగా వచ్చిన ఫ్లాష్ డ్రైవు ఎస్‌ఎస్‌డీలో అందుకే అనేక చిప్పులుంటాయి. ఒకటి రాసుకుంటూ ఉండగానే ఇంకోదానికి డేటా అందించవచ్చు. హార్డువేరు ఇంత సిద్ధంగా ఉన్నా, ఆపరేటింగ్ సిస్టమ్‌కి హార్డ్ డిస్కు కాలం అలవాటు పోలేదు. డిస్కు పళ్లేలమీద తలలన్నీ కలిసే కదులుతాయి కాబట్టి వచ్చిన పనులన్నిటినీ ఒకే క్యూలో పెట్టి, ఒక్కసారికి ఒక్కరే తాకేలా దానికో లాక్ వేసి, వరస సర్ది పంపడం అప్పట్లో తెలివైన పనే. ఫ్లాష్ వచ్చాక ఆ క్యూయే అడ్డమైంది. ఉభాల రోజుల్లో నాగావళి ఒడ్డున ఇరవైమంది మడిలో దిగి నిలబడి, ఆకు కట్టలు అందించేవాడు ఒక్కడే అయితే నాట్లు ఎలా సాగుతాయో, ప్రాసెసర్లో కోర్లు పెరిగేకొద్దీ ఇక్కడా అదే జరిగింది.

2013లో ఇజ్రాయెల్‌లోని హైఫాలో జరిగిన ఒక సదస్సులో మథియాస్ బ్యోర్లింగ్, జెన్స్ ఆక్స్‌బో, మరో ఇద్దరు కలిసి దీనికి విరుగుడుగా ఒక పరిశోధన పత్రం ఇచ్చారు. ప్రతి కోరుకీ సొంత క్యూ, అక్కడినుంచి డ్రైవు క్యూలకి సూటిగా దారి. 2014 జనవరిలో లైనక్స్ 3.13తో అది అందరికీ అందింది. 2019లో 5.0 వచ్చేసరికి పాత పద్ధతిని పూర్తిగా తీసేశారు. ఈ మార్పుకి తగిన డ్రైవులు అప్పటికే రావడం మొదలైంది. పాత సాటా డ్రైవుకి ఒకే క్యూ, అందులో 32 ఆదేశాలు. 2011లో వచ్చిన ఎన్‌వీఎమ్‌ఈ ప్రమాణం 65,535 క్యూలదాకా ఒప్పుకుంటుంది. వేగం ఘనతంతా చిప్పుకే కట్టబెడతారు గానీ, సగం ఈ సాఫ్ట్‌వేరుకే దక్కాలని నా నమ్మకం.

అయితే అన్నీ ఒకేసారి రాసేస్తే ఏది ముందు, ఏది వెనక అన్న లెక్క తప్పుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి వేళ ఏ షాపు కంప్యూటరో పద్దు రాస్తుండగా కరెంటు పోయిందనుకోండి. పద్దు ఎక్కడుందో చెప్పే గుర్తు డిస్కులో పడి, పద్దు మాత్రం పడకపోతే, మళ్లీ తెరిచినప్పుడు కనిపించేది చెత్త. అందుకే ఫైల్ సిస్టమ్ పద్దు రాయించి, డ్రైవు తన తాత్కాలిక మెమరీలో (క్యాష్) దాచుకున్నదంతా చిప్పులోకి దించేదాకా ఆగి, ఆ తర్వాతే గుర్తు రాయిస్తుంది. ఆ ఆగడంలోనే పక్కపక్కన రాసే లాభం చాలావరకు ఆవిరైపోతుంది.

నన్ను కట్టిపడేసేది ఈ చిక్కే. అదే 2018లో కొరియాలోని హాన్యాంగ్ విశ్వవిద్యాలయం నుంచి యూజిప్ వాన్ బృందం దీనికో జవాబిచ్చింది. పని పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు, వరస మారకుండా ఉంటే చాలు అన్నారు వాళ్లు. ఆదేశాల మధ్య గట్టులాంటి ఒక హద్దు పెట్టి డ్రైవుకి పంపేస్తారు. హద్దుకి ఇవతలివి ఎన్నైనా కలిసి రాసుకోవచ్చు, అవతలివి మాత్రం వీటికంటే ముందు చిప్పులో స్థిరపడకూడదు. కరెంటు ఏ క్షణంలో పోయినా, పద్దు ఎక్కడుందో చెప్పే గుర్తు ఉందంటే దాని పద్దు కూడా ఉన్నట్టే.