నల్ల గొర్రెల మధ్య వనభోజనం

గడచిన జనవరిలో మా సంఘంలోని నాలుగు కుటుంబాల వారము పిల్లలను వెంటబెట్టుకొని జహీరాబాదు ప్రాంతంలోని ఒక పల్లెకు వనభోజనానికి వెళ్ళాము. మాలో ఒకరి మేనమామగారి చేను అక్కడ ఉంది. ఆ చేలో ఒక కురుమ పెద్దాయన తన గొర్రెల మందను దింపాడని విని, పిల్లలకు చూపించవచ్చునని ఆ స్థలమే ఎంచుకున్నాము.

చింతచెట్టు కింద చాపలు పరచి పులిహోర, కోడికూర, పెరుగన్నం సర్దుతుండగా మంద వచ్చింది. ముందు నాలుగు మేకలు, వాటి వెనుక వందకు పైగా నల్లని గొర్రెలు! సండే స్కూలు బొమ్మల్లో తెల్లని గొర్రెలనే చూచిన మా పిల్లలు ఆశ్చర్యపోయారు. "ఇవి నిజంగా గొర్రెలేనా?" అని ఒక చిన్నది అడుగుతుండగానే ఒక మేక వచ్చి పులిహోర గిన్నెలో మూతి పెట్టింది. పిల్లల నవ్వులకు అంతులేదు. పెద్దాయన నొచ్చుకొని కర్ర ఎత్తబోతే మేమే ఆపి, ఆయనను మాతోపాటు భోజనానికి కూర్చోబెట్టుకున్నాము.

అవి దక్కనీ జాతి గొర్రెలు. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రలలోని మెట్ట ప్రాంతాలే వాటి పుట్టిల్లు. ఎండకు, చలికి ఓర్చుకొని మేతకోసం ఎంతో దూరం నడుస్తాయి. ఏడాదికి రెండుమార్లు ఉన్ని కత్తిరిస్తారు. ఆ ఉన్నిని వడికి, నూలుకు చింతగింజల గంజి పట్టించి, మగ్గం మీద నేస్తే గొంగడి తయారవుతుంది. చలికి కప్పుకోవడానికి, వానకు తలమీద వేసుకోవడానికి, రాత్రి పరచుకోవడానికి అదొక్కటే చాలు. కోతలైన చేలో మందను పడుకోబెడితే భూమికి మంచి ఎరువు.

మరి ఇంత మేలైన జాతి ఎందుకు తగ్గిపోతున్నది? మిల్లు దుప్పట్లు వచ్చాక గొంగడి అడిగేవారు తగ్గారు. నెల్లూరు జాతికి ఉన్ని ఉండదు గాని ఎత్తు, బరువు ఎక్కువ. మాంసం వ్యాపారులు దానినే కోరుతారు. అందుచేత చాలామంది నెల్లూరు పొట్టేళ్ళను మందలో కలిపారు. అలా పుట్టిన పిల్లలకు తరతరానికి ఉన్ని తగ్గిపోతుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో, 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు కూడా వాటిని ఇతర రాష్ట్రాల నుండి కొని తెచ్చారు.

"మా కొడుకు నెల్లూరు పొట్టేలు తెద్దామంటడు బిడ్డా" అన్నాడు పెద్దాయన. "వాని మాట గూడ తప్పు గాదు. గొంగళ్ళు అమ్మి పిల్లల ఫీజులు కట్టలేం. కని ఈ నల్ల పొట్టేలు పోతే మల్ల యాడ దొరుకుతది?"

మాలో ఎవరికీ జవాబు తోచలేదు. మా ఇండ్లలోనూ అమ్మమ్మల నాటి గొంగళ్ళు అటకమీదే కదా ఉన్నాయి! రెండు గొంగళ్ళకు బయానా ఇచ్చాము. దానితో ఆయన చిక్కు తీరదని మాకు తెలుసు.

తిరుగు ప్రయాణంలో పిల్లలకు యాకోబు కథ జ్ఞాపకం చేశాము. లాబాను మందలో యాకోబు తనకు జీతంగా అడిగినది నల్లని గొర్రెపిల్లలను, మచ్చల మేకలనే. ఇతరులు తక్కువగా ఎంచిన వాటితోనే దేవుడు అతనిని వర్ధిల్లజేశాడు.

మరుసటి ఆదివారం సండే స్కూలులో గొర్రెపిల్ల బొమ్మకు రంగు వేయమంటే ఆ చిన్నది నల్ల పెన్సిలు తీసుకున్నది. ప్రియ పాఠకులారా, మీ ఊరి పొలిమేరలో ఇటువంటి మంద ఉంటే ఒకసారి పిల్లలను తీసుకొని వెళ్ళండి. వచ్చే చలికాలానికి ఇంటి పెద్దలకు ఒక గొంగడి కొనిపెట్టండి. పులిహోర గిన్నెకు మాత్రం మూత పెట్టుకోండి!