ఆసుపత్రిలో లెక్కపెడితే ఊరి లెక్క వస్తుందా?



ఉదయం ఓ.పి. దగ్గర వరుసలో కూర్చున్నవారిని చూసి ఊరంతా జబ్బుతోనే ఉందనుకుంటే పొరబాటే గదా! హెచ్.ఐ.వి. లెక్కల్లో దేశమంతటికీ ఇలాంటి పొరబాటే జరిగింది.

2006లో మన దేశంలో హెచ్.ఐ.వి. సోకినవారు 50 లక్షలకు పైనే అని అంచనా వేశారు. ఆ అంచనాకు ఆధారం ముఖ్యంగా ప్రభుత్వ ఆసుపత్రులకు వచ్చే గర్భిణీ స్త్రీల, సుఖవ్యాధుల రోగుల రక్తపరీక్షలు. గుంటూరు జిల్లాలో 2004-05లో పరిశోధకులు ఇళ్ళకు వెళ్ళి 12 వేల మందికి పైగా రక్తం పరీక్షించారు. ఆసుపత్రుల నుండి కట్టిన లెక్క, ఇళ్ళలో తేలిన దానికంటే రెండున్నర రెట్లు ఎక్కువగా ఉంది! ప్రైవేటు డాక్టర్లు అనుమానమున్న కేసులను ప్రభుత్వ ఆసుపత్రికి పంపేవారు. పైగా అక్కడికి వచ్చేది ఎక్కువగా పేదవారే. అలా ఒకచోటికి చేరినవారిని చూసి జిల్లా అంతటికీ లెక్క వేశారన్నమాట.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో లక్షమందికి పైగా చేసిన రక్తపరీక్షలను కూడా కలుపుకొన్నాక, 2007లో దేశపు అంచనా సుమారు 25 లక్షలకు దిగింది. జబ్బు ఒక్క ఏడాదిలో సగమైపోలేదు, లెక్క మారింది.

ఇంటింటి సర్వేకూ లోపాలు లేకపోలేదు. లారీల మీద తిరిగేవారు, వలస వెళ్ళినవారు ఆ రోజు ఇంట్లో దొరకరు. హాస్టళ్ళలో, జైళ్ళలో ఉన్నవారు జాబితాలోనే ఉండరు. ఇక రక్తం ఇవ్వనని తలుపు వేసుకున్నవారిలో జబ్బు ఎక్కువుందో తక్కువుందో ఎవరు చెప్పగలరు? అత్తగారి ముందు అడిగితే కోడలు ఏం చెబుతుందో మాత్రం మనందరికీ తెలుసు!

సర్వేవారు తాళం వేసి ఉన్న ఇంటికే రెండోసారి, మూడోసారి వచ్చేది అందుకే.