పీఎస్‌ఏ పెరిగిందని యాంటీబయాటిక్ వేసుకోవాలా?

యాభై దాటిన మగవాళ్ల హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో పీఎస్‌ఏ పరీక్ష ఇప్పుడు మామూలైపోయింది. షుగరు, కొలెస్ట్రాల్‌తో పాటు అదీ చేయించేస్తారు. ఒంట్లో ఏ బాధా లేని మనిషి రిపోర్టులో ఆ అంకె మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు దాటితే ఇల్లంతా హడలిపోతుంది. పీఎస్‌ఏ అనగానే ముందు తట్టేది ప్రోస్టేట్ క్యాన్సరే మరి. అలాంటప్పుడు చాలాచోట్ల వినిపించే మాట ఒకటుంది: ఇన్‌ఫెక్షన్ అయి ఉండొచ్చు, కొన్ని వారాలు ఈ మాత్రలు వాడి మళ్లీ టెస్టు చేయించుకోండి. చీటీ మీద సిప్రోఫ్లాక్సాసినో, లీవోఫ్లాక్సాసినో ఉంటుంది. మళ్లీ రక్తం ఇస్తే ఎంతోమందికి అంకె దిగుతుంది. మందు పనిచేసిందని డాక్టరు, గండం గడిచిందని రోగి అనుకుంటారు.

ఆ రెండు నమ్మకాలూ పరీక్షకు నిలబడలేదు.

ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉంటుంది. వీర్యాన్ని పలచబరచడానికి అది తయారుచేసే ప్రొటీనే పీఎస్‌ఏ. అందులో రవ్వంత రక్తంలోకి కూడా చేరుతుంది. గ్రంథి వాచినా, పెరిగినా, దానికి ఒత్తిడి తగిలినా ఇంకాస్త ఎక్కువ చేరుతుంది. క్యాన్సర్ ఇందుకు ఒక కారణం మాత్రమే. వయసుతో వచ్చే గ్రంథి వాపు, మూత్రం బిగదీయడం, కాథెటర్ వేయడం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, చివరికి పరీక్షకు ముందు రోజు వీర్యస్ఖలనం, దూరం సైకిలు తొక్కడం కూడా అంకెను పెంచగలవు. 4 నుంచి 10 మధ్య ఉన్నవాళ్లకు బయాప్సీ చేస్తే దాదాపు నలుగురిలో ఒక్కరికే క్యాన్సర్ కనబడుతుంది. అలాగని 4 లోపు ఉంటే నిశ్చింత అనీ కాదు. 2004లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, అంకె 4 దాటని మగవాళ్లకు బయాప్సీ చేస్తే వంద మందిలో 15 మందికి క్యాన్సర్ బయటపడింది.

అంకె తనంతట తానే పెరిగి తగ్గే రకం అన్నది ఇక్కడ అసలు కీలకం. అమెరికాలో 972 మంది దగ్గర నాలుగేళ్ల పాటు సేకరించిన రక్తపు నమూనాలను పరిశీలించిన ఫలితాలు 2003లో వచ్చాయి. ఒకసారి 4 దాటినవాళ్లలో వందకు నలభై మందికి పైగా తర్వాతి పరీక్షల్లో ఎప్పుడో ఒకప్పుడు మామూలు స్థాయికి దిగారు. అది యాంటీబయాటిక్ ఇచ్చి చూసిన అధ్యయనం కాదు. అంకె బాగా ఎక్కువగా ఉన్న రోజున దొరికిన మనిషిని మళ్లీ పరీక్షిస్తే, అది కిందికి వచ్చే అవకాశమే ఎక్కువ. మధ్యలో ఏ మాత్ర వేసుకున్నా గొప్ప దానికే పోతుంది.

ఈ సంగతి తేల్చడానికి బ్రెజిల్ డాక్టర్లు ఒక పరీక్ష పెట్టారు. ఏ లక్షణాలూ లేకుండా పీఎస్‌ఏ పెరిగిన 98 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు నాలుగు వారాలు సిప్రోఫ్లాక్సాసిన్, రెండో జట్టుకు అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరు ఏది వేసుకుంటున్నారో రోగులకూ డాక్టర్లకూ తెలియనివ్వలేదు. 2010లో వచ్చిన ఫలితం చూస్తే రెండు జట్లలోనూ సగానికి పైగా మందికి అంకె తగ్గింది. మందుకు దక్కిన మెరుగు ఏమీ లేదు. అంతకన్నా ముఖ్యమైన విషయం, అంకె తగ్గినవాళ్లలోనూ కొందరికి బయాప్సీలో క్యాన్సర్ దొరికింది. అంటే మాత్రల తర్వాత వచ్చిన ఆ తగ్గుదలను నమ్మి ఇంటికి వెళ్లిపోవడం ప్రమాదమే. అమెరికాలో 77 మంది మీద చేసిన మరో అధ్యయనం కూడా 2013లో ఇదే తేల్చింది. అదే ఏడాది అమెరికన్ యూరాలజికల్ అసోసియేషన్, వేరే లక్షణాలు లేనివారికి పీఎస్‌ఏ పెరిగిందన్న ఒక్క కారణంతో యాంటీబయాటిక్ ఇవ్వొద్దని డాక్టర్లకు స్పష్టంగా చెప్పింది.

లక్షణాలుంటే లెక్క వేరు. చలితో జ్వరం, మూత్రంలో మంట, పొత్తికడుపు కింద నొప్పి ఉండి, మూత్ర పరీక్షలో బ్యాక్టీరియా దొరికితే యాంటీబయాటిక్ తప్పనిసరి. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ప్రోస్టేట్‌కు అలా తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ వస్తే పీఎస్‌ఏ పదుల్లోకి కూడా ఎగబాకుతుంది. జబ్బు నయమైనా అంకె దిగడానికి వారాలు పడుతుంది కాబట్టి, కనీసం ఆరు వారాలు ఆగి పరీక్షించాలి.

అవసరం లేకపోయినా వేసుకుంటే నష్టమేముందిలే అన్న ధీమా సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి మందుల విషయంలో పనికిరాదు. కండరాన్ని ఎముకకు కలిపే టెండన్లు, ముఖ్యంగా మడమ వెనకది, తెగిపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో ఈ జాతి మందులకు తీవ్ర హెచ్చరిక జోడించింది. అరవై దాటినవాళ్లకు, స్టెరాయిడ్లు వాడేవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ. షుగరు మందులు వాడేవారిలో షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చని, బృహద్ధమని చీలే ముప్పు ఉందని 2018లో మరిన్ని హెచ్చరికలు వచ్చాయి. పీఎస్‌ఏ పరీక్షకు వచ్చేవాళ్లలో చాలామంది అరవై దాటినవాళ్లే, షుగరున్నవాళ్లూ తక్కువేం కాదు.

ఇంకో చిక్కు బయాప్సీ దగ్గర ఎదురవుతుంది. మలద్వారం గుండా సూది పంపి గ్రంథి ముక్కలు తీసే పద్ధతిలో, పేగుల్లోని బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్లకుండా ముందుగా యాంటీబయాటిక్ ఇస్తారు. చాలాకాలంగా అందుకు వాడుతున్నదీ సిప్రోఫ్లాక్సాసినే. అంతకు కొద్ది నెలల ముందే ఊరికే ఆ మందు మింగి ఉంటే, దానికి లొంగని సూక్ష్మజీవులు పేగుల్లో తిష్ఠ వేసే అవకాశం పెరుగుతుంది. సరిగ్గా కావలసిన రోజున మందు చేతులెత్తేస్తుంది.

ఇలా మందుకు లొంగని బ్యాక్టీరియా విషయంలో సిప్రోఫ్లాక్సాసిన్‌కు తెలుగు నేలతోనూ ఓ సంబంధం ఉంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరులో, దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వదిలే నీటిని పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు 2007లో ప్రకటించింది. ఈ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. అలాంటి నీటిలో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియాకు ఆ మందంటే ఇక లెక్కుండదు. నీటి నుంచీ, అనవసరపు చీటీల నుంచీ ఆ మొండితనం పెరుగుతూనే ఉంటుంది. యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా ఒక్క 2019లోనే ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది చనిపోయారని లాన్సెట్ పత్రిక అంచనా ప్రచురించింది.

మరి అంకె పెరిగితే ఏం చేయాలి? మొదట కొన్ని వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. వీలైతే అదే ల్యాబులో, రెండు రోజుల ముందు నుంచి సంభోగం, సైకిలు తొక్కడం మానేసి. అప్పటికీ ఎక్కువే ఉంటే యూరాలజిస్టు వేలితో గ్రంథిని తడిమి చూస్తారు, అవసరమైతే ఎంఆర్ఐ తీయిస్తారు. 500 మందితో చేసి 2018లో ప్రచురించిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో, ముందుగా ఎంఆర్ఐ తీసిన జట్టులో వందకు 28 మందికి బయాప్సీ అవసరమే పడలేదు. పైగా చికిత్స చేయాల్సినంత ముదిరే రకం క్యాన్సర్లు పాత పద్ధతిలో కన్నా ఎక్కువగానే దొరికాయి. గ్రంథి వాపుకో, జుట్టు రాలకుండానో ఫినాస్టరైడ్ మాత్రలు వాడుతున్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. కొన్ని నెలలు వాడాక ఆ మాత్ర పీఎస్‌ఏను దాదాపు సగానికి దించేస్తుంది. రిపోర్టులో 3 అని ఉంటే దాన్ని 6గా చదవాలి.