కాఫీ: కొలతయు, వేళయు, కల్తీలేమియు

మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో తెల్లవారుజామున పొయ్యి రాజుకొనుటయే కాఫీ కొరకు. చేనికి పోవు రైతుగాని, మగ్గపు గుంటలో దిగబోవు ధర్మవరపు నేతగాడుగాని, చింతపండు బస్తాలతో హిందూపురపు మార్కెట్టునకు బయలుదేరు బేరగాడుగాని ఒక లోటా కాఫీయో టీయో గొంతు దిగినగాని కదలడు. ఇంటికి చుట్టము వచ్చినచో మొదటి మర్యాదయు నదియే. ఇంతగా మన దినచర్యలో కలిసిపోయిన ఈ పానీయమును గూర్చి మనలో రెండు వాదములు గలవు. అది ఒంటికి విషమని పెద్దలు కొందరందురు. అది బుద్ధికి చురుకును పనికి బలమును ఇచ్చునని త్రాగువారందురు. ఈ రెంటిలో దేనిని నమ్మవలెనను ప్రశ్నకు గత కొన్ని దశాబ్దములలో వైద్యశాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనలు చక్కని సమాధానమును ఇచ్చినవి. దానిని మన రైతు సోదరులకును, ముఖ్యముగా ఇంటి ఇల్లాండ్రకును తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పుట్టుక

కాఫీ చెట్టునకు జన్మస్థానము ఆఫ్రికా ఖండములోని ఇథియోపియా దేశపు కొండ అడవులు. అచ్చటినుండి అది ఎఱ్ఱసముద్రము దాటి యెమెను దేశమునకు వచ్చినది. 15వ శతాబ్దమునాటికే అచ్చటి సూఫీ భక్తులు రాత్రులందు ధ్యానము చేయునపుడు నిద్ర రాకుండుటకై కాఫీని కాచి త్రాగుచుండిరి. యెమెనులోని మోఖా రేవునుండి గింజలు దేశదేశములకు ఓడలపై పోవుచుండెను. మొలకెత్తు గింజను మాత్రము పరదేశీయుల చేతికి చిక్కనీయకుండిరని ప్రతీతి. 17వ శతాబ్దమున మక్కా యాత్రకు వెళ్లిన బాబా బుడన్ అను సాధువు ఏడు గింజలను రహస్యముగా తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని ఐతిహ్యము. నేటికిని ఆ కొండలు ఆయన పేరనే పిలువబడుచున్నవి. హిందూపురము దాటినంతనే ఎదురగు కన్నడదేశమే భరతఖండమున కాఫీకి మొదటి పుట్టినిల్లైనది. నేడును దేశమున పండు కాఫీలో నూటికి సుమారు 70 పాళ్లు కర్ణాటక రాష్ట్రములోనిదే.

మన నేలకు తగునా?

పొరుగున ఇంత పండుచుండగా మన చేలలో ఏల పండదని అడుగువారుందురు. కాఫీలో ముఖ్యముగా రెండు జాతులు గలవు. అరబికా జాతికి సముద్రమట్టమునకు 1000 మొదలు 1500 మీటర్ల ఎత్తు కావలెను. రోబస్టా జాతి 500 మొదలు 1000 మీటర్ల ఎత్తున పండును. హిందూపురము సుమారు 620 మీటర్ల ఎత్తున నున్నది గనుక రెండవదానికి ఎత్తు చాలునని తోచును. కాని చిక్కంతయు వానలోనున్నది. రోబస్టాకు ఏటికి 1000 మిల్లీమీటర్లకు తక్కువగాని వానయు, చల్లని నీడయు, ఆకు కుళ్లిన మెత్తని నేలయు కావలెను. మన ప్రాంతమున కురియు సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కావున కాఫీ మొక్కలు నాటిన లాభములు పండునని ఎవరైన ఆశ చూపినచో, మొదట వ్యవసాయశాఖవారిని విచారింపక రొక్కము చేతినుండి వదలరాదు. మనము కాఫీని పండించువారము కాము, కొని త్రాగువారము. కొనువానికి తెలియవలసిన సంగతులు వేఱు.

గుణము

కాఫీగింజలో కెఫీను అను పదార్థము గలదు. మనము మేలుకొని పనిచేయుచున్నంతసేపు మెదడులో అడినోసీను అను పదార్థము పేరుకొని, విశ్రాంతి తీసికొమ్మని హెచ్చరించును. కెఫీను పోయి ఆ హెచ్చరిక చేరవలసిన చోటును ఆక్రమించుకొనును. అందుచే అలసట ఉన్నను తెలియదు. ఇది రైతునకు తెలిసిన ఉపమానముతో చెప్పవలెనన్న, కాఫీ బాకీని తీర్చునది కాదు, వాయిదా వేయునది. నిద్ర బాకీ నిద్రచేతనే తీరవలెను. ఒకసారి త్రాగిన కెఫీనులో సగము ఒంటినుండి పోవుటకు సుమారు ఐదు గంటలు పట్టును. సాయంకాలము ఆరింటికి త్రాగినదానిలో సగము రాత్రి పదునొకండు గంటలకును నెత్తురులో నుండును. రాత్రి నిద్రపట్టక, ఉదయము మఱింత కాఫీ కావలసివచ్చుట ఇట్లే జరుగుచున్నది.

అయినను కాఫీని నిందించి విడువనక్కరలేదు. మితముగా త్రాగువారిలో మధుమేహము, కాలేయవ్యాధులు, చేతులు వణకు పార్కిన్సను వ్యాధి తక్కువగా కనబడుచున్నవని అనేక దేశములలో వేలకొలది జనులను ఏండ్ల తరబడి గమనించిన పరిశోధకులు తెలిపిరి. ఇది గమనించి చెప్పిన మాటయేగాని కాఫీయే కారణమని రుజువైనట్లు కాదు. కావున కాఫీని మందుగా భావించి, త్రాగని అలవాటున్నవారు కొత్తగా మొదలిడవలసిన పని లేదు. కాఫీవలన పుట్టకురుపు వచ్చునను భయమునకు కూడ ఆధారము కానరాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థవారు 1991లో కాఫీని అనుమానపు పట్టికలో చేర్చి, 2016లో దానినుండి తొలగించిరి. అయితే ఆ సంవత్సరముననే వారు మఱొక హెచ్చరిక చేసిరి. పానీయమేదైనను 65 డిగ్రీల సెల్సియసునకు మించిన వేడితో త్రాగుటవలన అన్ననాళమునకు క్యాన్సరు కలుగవచ్చునట. పొగలు క్రక్కు కాఫీని ఊదుకొనుచు గుటగుట త్రాగువారు దీనిని మనసున ఉంచుకొనవలెను. నాలుకకు ఓర్పైన వేడియే చాలును.

కొలత

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన ఆహార సూచనలలో దినమునకు 300 మిల్లీగ్రాములకు మించి కెఫీను తీసికొనరాదని చెప్పిరి. వారి లెక్క ప్రకారము 150 మిల్లీలీటర్ల కాచిన కాఫీలో 80 మొదలు 120, తక్షణ కాఫీపొడితో కలిపినదానిలో 50 మొదలు 65, టీలో 30 మొదలు 65 మిల్లీగ్రాములు ఉండును. కనుక చిక్కని కాఫీ దినమునకు రెండు లోటాలు, మించిన మూడు చాలును. గర్భిణులు ఇంకను తగ్గింపవలెను. 200 మిల్లీగ్రాములను దాటరాదని వైద్యులు చెప్పుచున్నారు. గుండెదడ, రక్తపుపోటు, కడుపులో మంట గలవారు తమ వైద్యుని అడిగి త్రాగుట మంచిది. పసిపిల్లలకు కాఫీ పోయుట ముద్దు కాదు, వారికి పాలే కాఫీ.

కాఫీతో చేరు తీపికిని లెక్క కావలెను. లోటాకు రెండు చెంచాల చక్కెర చొప్పున నాలుగు లోటాలు త్రాగువాడు దినమునకు సుమారు 40 గ్రాముల చక్కెర మ్రింగుచున్నాడు. పెద్దవారికి విడిగా కలుపుకొను తీపి దినమునకు 50 గ్రాములు దాటరాదనియు, 25 గ్రాములకు తగ్గిన ఇంకను మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థవారి సలహా. మన హిందూపురపు బెల్లము రుచికి పేరుపడినదే. కాని మధుమేహము గలవానికి బెల్లపు కాఫీయు చక్కెర కాఫీయు ఒక్కటే.

వేళ

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి వేళ. కాఫీలోను టీలోను ఉండు కొన్ని పదార్థములు, మనము తిను ఆకుకూరలు, రాగులు, పప్పులు మొదలగువానిలోని ఇనుమును పట్టివేసి ఒంటికి అందకుండ చేయును. నెత్తురు పట్టుటకు ఇనుము మూలము. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో సగమునకు మించినవారు రక్తహీనులని తేలినది. దానికి కారణములు పెక్కులు గలవు. కాని ప్రొద్దున రాగిసంకటి తిన్నంతనే వేడి కాఫీ త్రాగు అలవాటు, ఆ సంకటిలోని ఇనుమును చేతులార పారబోయుటయే. కావున భోజనమునకు ముందు ఒక గంటయు తరువాత ఒక గంటయు కాఫీ, టీలు త్రాగరాదని పోషకాహార సంస్థవారు బోధించుచున్నారు. పైసా ఖర్చులేని ఈ ఒక్క మార్పు ఇంటిలోని ఆడువారికి ఎంతయో మేలు చేయగలదు. ఆరోగ్య కేంద్రమున గర్భిణులకు ఇచ్చు ఇనుపమాత్రను కాఫీతో వేసికొనుట తగదు, నీటితో వేసికొనవలెను. థైరాయిడు మాత్ర వేసికొనువారును అరగంటయో గంటయో ఆగినగాని కాఫీ ముట్టరాదు.

మఱొక దురభ్యాసము ఆకలికి కాఫీ. చేనికోతల దినములలో కూలివారును, రైతులును ప్రొద్దున రెండుమార్లు కాఫీ త్రాగి, మధ్యాహ్నము వఱకు ఏమియు తినక పనిచేయుట కలదు. కాఫీ ఆకలిని కొంతసేపు మఱపించునేగాని కండకు బలమీయదు. ముందు ఇంత అంబలియో సద్దియో కడుపున పడవలెను, కాఫీ గంట తరువాత.

కల్తీ

కాఫీ మంచిదా చెడ్డదా అను ప్రశ్నకు ముందు, త్రాగునది కాఫీయేనా అను ప్రశ్న గలదు. అంగడిలో దొరకు పొడులలో పెక్కింటియందు చికోరీ కలిసియుండును. ఇది గుజరాతు, ఉత్తరప్రదేశములలో పండించు ఒక మొక్కయొక్క వేరు. దానిని ఎండించి, వేయించి, పొడిచేయుదురు. దానియందు కెఫీను లేదు, హానియు లేదు. రంగును చిక్కదనమును ఇచ్చును. నూటికి 49 పాళ్లవఱకు చికోరీ కలుపుటను చట్టము అంగీకరించుచున్నది. కాని ఎన్ని పాళ్లు కలిపిరో పొట్లముపై ముద్రింపవలెను. సగము చికోరీ కొని పూర్తి కాఫీ వెల ఇచ్చుటయే మన నష్టము.

చట్టమునకు వెలుపలి కల్తీ వేఱు. చింతగింజల పొడి, ఖర్జూరపు గింజల పొడి వేయించి కాఫీపొడిలో కలుపు మోసము దేశమున పలుచోట్ల బయటపడినది. చికోరీ కలిసినదీ లేనిదీ ఇంటిలోనే పరీక్షింపవచ్చును. ఒక గాజుగ్లాసులో చల్లని నీరు పోసి, దానిపై కాఫీపొడిని మెల్లగా చల్లుడు. స్వచ్ఛమైన కాఫీ కొంతసేపు తేలియాడును. చికోరీ కొద్ది క్షణములలోనే రంగుతీగలు వదలుచు అడుగునకు దిగును. ఇంకను మంచి మార్గము, గింజలనే కొని, కన్నులయెదుట వేయించి ఆడించుకొనుట.

సహకారము నేర్పిన పాఠము

ఇచ్చట సహకార సంఘములకు పని గలదు. 1950ల నడుమ కాఫీబోర్డువారు తాము నడుపుచుండిన కాఫీహౌసులను మూసివేయగా, పనివాండ్రు వీధిపాలైరి. ఏ. కే. గోపాలన్ గారి ప్రోత్సాహముతో వారే సభ్యులుగా చేరి 1957 ఆగస్టు 19న మనకు సమీపముననున్న బెంగుళూరులో మొదటి కాఫీ పనివాండ్ర సహకార సంఘమును స్థాపించిరి. నిన్నటివఱకు కప్పులు కడిగినవారు సంఘపు యజమానులైరి. ఆ మార్గముననే దేశమున అనేక నగరములలో కాఫీహౌసులు తిరిగి వెలసినవి.

పండించువారికిని ఇదే పాఠము. మన రాష్ట్రపు ఉత్తర కొసనున్న అరకు కొండలలో గిరిజన రైతులు ఎకరము రెండెకరముల నీడతోటలలో, చెట్లకు మిరియపు తీగలు ప్రాకించి, కాఫీ పండించుచున్నారు. కోసిన పండును ఆలస్యము చేయక పైతోలు ఒలిచి శుద్ధిచేయనిచో గింజ చెడును. ఒంటరి రైతునకు అందుకు తగిన యంత్రము లేదు, దళారి చెప్పిన వెలయే గతి. 1956లో విశాఖపట్టణమున ఏర్పడిన గిరిజన సహకార సంస్థయు, 2007లో గిరిజన రైతులే సభ్యులుగా ఏర్పడిన పరస్పర సహాయ సహకార సంఘమును ఆ లోటును చాలవఱకు తీర్చినవి. పండిన ఎఱ్ఱని పండునే ఏరి కోయుట, ఒకచోట చేర్చి శుద్ధిచేయుట, రకమునుబట్టి వెల కట్టుట అలవడినవి. 2017లో అరకు కాఫీ పేర పారిస్ నగరమున అంగడి వెలసినది. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. పరదేశమున పేరు తెచ్చినది ఒక్క గింజయొక్క రుచి కాదు, కలిసి నడచిన చేతుల క్రమశిక్షణ.

పండించువారు కూడి వెల పొందినపుడు, కొనువారు కూడి సరకు పొందలేరా? ఒక్కొక్క కుటుంబము నెలకు పావుకిలోయో అరకిలోయో పొడిని చిల్లరగా కొనుచున్నది. ఒక గ్రామసంఘమున నూరు కుటుంబములు చేరినచో అది బస్తాల లెక్కకు వచ్చును. సంఘము గింజలను నేరుగా తెప్పించి, ఒక చిన్న వేపుడు యంత్రమును మరయు పెట్టుకొని, చికోరీ ఎన్ని పాళ్లో సభ్యులు కోరినట్లు కలిపి పంచినచో, కల్తీభయము తీరును, మధ్యవర్తి లాభమును మిగులును. మొదట పది కుటుంబములతో నెలరోజులు ప్రయత్నించి లెక్కలు చూచుకొనిన నష్టభయము ఉండదు. వచ్చు సర్వసభ్య సమావేశములలో మన సభ్యులు దీనిని ఆలోచింపవలెనని కోరుచున్నాము.

అంతవఱకు ప్రతి ఇంటను జరుగదగినవి మూడు గలవు. దినమునకు రెండు మూడు లోటాలు మించక త్రాగుట, భోజనమునకు గంట ఎడముంచుట, పొట్లముపై చికోరీ పాళ్లు చదివి కొనుట. ఈ మూడును పాటించిన ఇంటిలో కాఫీ మర్యాదగానే ఉండును, వ్యసనము కాదు.