ఆట ఆగింది, పని ఆగలేదు

మనవాళ్ళు టీవీలో క్రికెట్ చూస్తుంటే వింటూ వింటూ మనక్కూడా కాస్తో కూస్తో తెలిసిపోతుంది. కానీ అమెరికావాళ్ళు ప్రాణం పెట్టే బేస్‌బాల్ మనకి కొత్తే. అందులో బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి బంతి నేలకి తగలకుండా విసరాలి. మొదటి పిచ్చర్ అలిసిపోతేనో, పరుగులు ఇచ్చేస్తుంటేనో మధ్యలో ఇంకొకర్ని దింపుతారు. అతనే రిలీఫ్ పిచ్చర్. పెళ్ళివంట సగంలో వంటావిడకి జ్వరమొస్తే గరిట అందుకునే పిన్నిగారు ఉంటారు చూడండి, అలాంటి పనన్నమాట! బాగుంటే పేరు అందరికీ, చెడితే మాట ఆవిడకీ.

జెర్రీ డిపోటో అలాంటి పిచ్చరే. 1968లో న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో పుట్టాడు. 1989లో క్లీవ్‌లాండ్ జట్టు అతన్ని ఎంచుకుంది. చిన్న లీగుల్లో నాలుగేళ్ళు కష్టపడి 1993లో పెద్ద లీగుకి వచ్చాడు. గెలిచే ఆట చివర్లో చెయ్యి జారకుండా కాపాడితే దాన్ని 'సేవ్' అంటారు. తొలి ఏడే అతనికి 11 సేవ్‌లు దక్కాయి.

సరిగ్గా అప్పుడే, 1994లో, థైరాయిడ్ క్యాన్సర్ అని తేలింది. వయసు పాతికేళ్ళు! ఆపరేషన్ చేయించుకుని ఆ ఏడాదే మళ్ళీ బంతి పట్టాడు. తర్వాత న్యూయార్క్ మెట్స్‌కీ, కొలరాడో రాకీస్‌కీ ఆడాడు. మొత్తం 8 సీజన్లు, 390 ఆటలు, 49 సేవ్‌లు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. థైరాయిడ్ జబ్బులు మగవాళ్ళకంటే మనకే ఎక్కువ. మెడ ముందువైపు గడ్డలా కనిపిస్తే "ఆఁ, అదే పోతుందిలే" అనుకోకండి. చాలా గడ్డలు క్యాన్సర్ కావు, భయపడక్కర్లేదు. అయినా డాక్టరుకి చూపించాలి. ముందే పట్టుకుంటే ఈ క్యాన్సర్ చాలామందికి నయమవుతుంది.

క్యాన్సర్ ఆపలేని ఆటని మెడ గాయం ఆపేసింది. 2001లో, 32 ఏళ్ళకే, ఆట మానేయాల్సి వచ్చింది. మరి ఇన్నాళ్ళ విద్య ఏం కావాలి? స్కౌట్ అయ్యాడు. స్కౌట్ అంటే ఊరూరా తిరిగి ఆటగాళ్ళని చూసి, ఎవరిలో పస ఉందో పసిగట్టి జట్టుకి చెప్పేవాడు. బంతి వేగం కొలిచే రాడార్ గన్ చేతిలో ఉంటుంది. కానీ కుర్రాడు దెబ్బ తిన్న తర్వాత తలెత్తుతాడా, దించుకుంటాడా అన్నది ఏ మిషనూ చెప్పదు కదా! బియ్యం పిడికిట్లోకి తీసుకోగానే పాతవో కొత్తవో మనం చెప్పేస్తామే, అలా చూసి చూసి రావాల్సిందే.

బోస్టన్ రెడ్ సాక్స్‌లో స్కౌట్‌గా చేశాక అరిజోనా జట్టులో స్కౌట్లందరికీ పెద్ద అయ్యాడు. 2011లో ఏంజెల్స్ జట్టుకి జనరల్ మేనేజర్. అక్కడ కుదరక 2015లో రాజీనామా చేశాడు. అదే ఏడు సియాటిల్ మెరైనర్స్ పిలిచింది. 2001 తర్వాత ప్లేఆఫ్స్ మొహం చూడని ఆ జట్టు 2022లో చూసింది. 2025లో ఇంకొక్క ఆట గెలిస్తే వరల్డ్ సిరీస్‌కి వెళ్ళేది!

చూపు తగ్గి మిషను కుట్టలేని అక్కయ్య ఉంటే, నలుగురు ఆడపిల్లలకి కటింగ్ నేర్పమని అడగండి. చెయ్యి ఆగినా చేతి వెనకున్న తెలివి ఎక్కడికీ పోదు.